బుల్లెట్ తగిలితే మనిషి ఎగిరి పడతాడా? "స్టాపింగ్ పవర్" వెనకున్న అసలు కథ

ఈ సీన్ మీరు ఎన్నో సినిమాల్లో చూసుంటారు. హీరో పిస్టల్ తీస్తాడు. ఒకే ఒక్క షాట్. విలన్ గాల్లోకి లేచి, వెనకున్న అద్దం పగలగొట్టుకుని, పది అడుగుల అవతల పడతాడు. ఇక లేవడు. అదే సినిమాలో ఇంకో సీన్ కూడా ఉంటుంది. ఈసారి బుల్లెట్ హీరో భుజానికి తగులుతుంది. ఆయన పళ్లు బిగబట్టి, చొక్కా చింపి కట్టు కట్టుకుని, ఇంకో ఇరవై మందిని కొట్టి, పాట పాడి ఇంటికెళ్తాడు.

మొదటి సీన్ పూర్తిగా అబద్ధం. రెండో సీన్‌లో సగం నిజం ఉంది. మిగతా సగమే ప్రాణాలు తీస్తుంది. ఎందుకో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

ఇంటర్నెట్‌లో తుపాకుల గురించి మాట్లాడేవాళ్లు "స్టాపింగ్ పవర్" అనే మాట తెగ వాడుతుంటారు. అంటే ఎదుటి మనిషిని అక్కడికక్కడే ఆపేసే శక్తి అన్నమాట. ఈ బుల్లెట్‌కి ఎక్కువ, ఆ బుల్లెట్‌కి తక్కువ అని వాదనలు. ఆ మాట వెనక నూట పాతికేళ్ల చరిత్ర ఉంది, రెండు పెద్ద పొరపాట్లు ఉన్నాయి, చాలామంది ప్రాణాలూ ఉన్నాయి. మనం మాట్లాడేది చేతి తుపాకుల గురించి, అంటే పిస్టల్, రివాల్వర్ గురించే. రైఫిల్ కథ వేరు, అది మధ్యలో చెప్తాను.

ముందు క్రికెట్ బంతితో మొదలుపెడదాం

ఒక మామూలు 9 ఎంఎం పిస్టల్ బుల్లెట్ తీసుకోండి. బరువు సుమారు ఏడున్నర గ్రాములు. మన జేబులో ఉండే పది రూపాయల నాణెం కంటే కాస్త తక్కువే. వేగం సెకనుకు సుమారు 360 మీటర్లు. బరువుని వేగంతో గుణిస్తే వచ్చేదాన్ని స్కూల్లో ద్రవ్యవేగం అని చదువుకున్నాం, మొమెంటం. ఒక వస్తువు ఇంకో వస్తువుని ఎంత తోస్తుందో చెప్పేది ఇదే. ఈ బుల్లెట్‌కి అది 2.7 వస్తుంది.

ఇప్పుడు క్రికెట్ బంతి. బరువు 160 గ్రాములు. ఫాస్ట్ బౌలర్ గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేశాడనుకుందాం. దాని మొమెంటం 6.2. అంటే బుల్లెట్ కంటే రెట్టింపుకి పైనే. బంతి ఛాతీకి తగిలిన బ్యాట్స్‌మన్ గాల్లోకి ఎగిరి స్టంప్స్ మీద పడడం ఎప్పుడైనా చూశారా? లేదు కదా. మరి అందులో సగం కూడా తోపు లేని బుల్లెట్ మనిషిని ఎలా ఎగరేస్తుంది? లెక్క వేస్తే, 70 కిలోల మనిషిలో ఆ బుల్లెట్ పూర్తిగా ఆగిపోయినా అతను వెనక్కి కదిలే వేగం సెకనుకి నాలుగు సెంటీమీటర్లు. నత్తతో పోలిస్తే స్పీడే, మనిషిని పడేయడానికి మాత్రం చాలదు.

ఇంకో రుజువు న్యూటన్ మూడో సూత్రం. బుల్లెట్ ముందుకి ఎంత తోపుతో వెళ్తుందో, తుపాకీ కాల్చినవాడి చేతిని వెనక్కి దాదాపు అంతే తోస్తుంది. తగిలినవాడు ఎగిరిపోతే కాల్చినవాడూ ఎగిరిపోవాలి. అమెరికాలో రిచర్డ్ డేవిస్ అనే వ్యాపారి 1970లలో బుల్లెట్ ప్రూఫ్ చొక్కాలు అమ్మేవాడు. జనం నమ్మాలని ఆ చొక్కా తొడుక్కుని తనని తానే కాల్చుకుని చూపించేవాడు. బుల్లెట్ తోపు మొత్తం చొక్కా మీదే ఆగేది. మనిషి మాత్రం నిలబడే ఉండేవాడు.

మరి బంతి తగిలితే దెబ్బ, బుల్లెట్ తగిలితే ప్రాణం. ఈ తేడా ఎక్కడిది? శక్తి లెక్కలో మొమెంటంలా కాకుండా వేగం రెండుసార్లు గుణించబడుతుంది. అందుకే శక్తి విషయంలో సీన్ రివర్స్. బంతికి సుమారు 120 జౌల్స్, బుల్లెట్‌కి 480. అంత శక్తీ చిటికెన వేలి గోరంత చోట పడుతుంది. కాబట్టి బుల్లెట్ తొయ్యదు, తొలుస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

లోపల ఏం జరుగుతుంది?

చెరువులో పెద్ద రాయి వేశారనుకోండి. రాయి దిగిన చోట నీళ్లు పక్కలకి తెరుచుకుంటాయి, ఒక గుంట కనపడుతుంది, మరుక్షణం మూసుకుపోతుంది. శరీరంలో కూడా ఇలాగే రెండు జరుగుతాయి.

ఒకటి, బుల్లెట్ నలిపి చించుకుంటూ వెళ్లిన దారి. అది నిజమైన రంధ్రం. దీన్ని పర్మనెంట్ క్యావిటీ అంటారు. రెండోది, బుల్లెట్ పక్కలకి నెట్టడం వల్ల చుట్టూ ఉన్న కండ క్షణకాలం సాగి మళ్లీ వెనక్కి వచ్చేది. ఇది టెంపరరీ క్యావిటీ. స్లో మోషన్ వీడియోల్లో జెల్లీ దిమ్మ బెలూన్‌లా ఉబ్బి కుంచించుకుపోవడం చూసుంటారు, అదే ఇది.

చూడ్డానికి ఆ ఉబ్బడమే భయంకరంగా ఉంటుంది. కానీ మన కండరం, చర్మం, ఊపిరితిత్తులు రబ్బరులా సాగే గుణం ఉన్నవి. పిస్టల్ వేగంలో అవి సాగి చాలావరకు మళ్లీ తమ చోటికి వచ్చేస్తాయి. కాలేయం, మెదడు లాంటివి అలా సాగలేవు, అవి చిట్లుతాయి. ఇక రైఫిల్ బుల్లెట్ సెకనుకి 700 నుంచి 900 మీటర్ల పైన వెళ్తుంది. అక్కడ ఆ సాగడమే కండని చింపేసేంత పెద్దది. పిస్టల్‌కీ రైఫిల్‌కీ అసలు తేడా ఇది. పిస్టల్ గాయంలో నమ్మకంగా లెక్కలోకి వచ్చేది బుల్లెట్ స్వయంగా నలిపిన దారి మాత్రమే.

అంటే రెండే ప్రశ్నలు. ఆ దారి ఎక్కడి గుండా వెళ్లింది? ఎంత లోతుకి వెళ్లింది? రంధ్రం ఎంత వెడల్పు అన్నది వీటి తర్వాత. ఇంత చిన్న విషయం అర్థం కావడానికి ప్రపంచానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

పెద్ద బుల్లెట్ కావాలి: 1904, షికాగో

1900 ప్రాంతంలో అమెరికా సైన్యం ఫిలిప్పీన్స్‌ని ఆక్రమించి అక్కడి వాళ్లతో పోరాడుతోంది. దక్షిణ దీవుల్లోని మోరో యోధులు కత్తులతో మీదకి దూకేవాళ్లు. సైనికుల దగ్గరున్నది .38 రివాల్వర్. ఒకటికి నాలుగు గుళ్లు తగిలినా మనిషి ఆగట్లేదని ఫిర్యాదులు వచ్చాయి.

దాంతో 1904లో జాన్ థాంప్సన్ అనే సైనికాధికారి, లూయీ లగార్డ్ అనే సైనిక వైద్యుడు కలిసి షికాగోలోని పశువుల కబేళాలో పరీక్షలు చేశారు. వధకి తెచ్చిన పశువుల మీద, మనుషుల మృతదేహాల మీద రకరకాల బుల్లెట్లు కాల్చి చూశారు. చదవడానికే ఇబ్బందిగా ఉండే పరీక్షలు అవి. పైగా కాల్చిన పశువులు చాలా తక్కువ, ఒక్కోదానికి ఒక్కోచోట తగిలింది. ఇవాళ్టి సైన్స్ ప్రకారం దాని నుంచి గట్టి నిర్ణయం తీయడం కష్టం. అయినా వాళ్లు .45 కంటే చిన్న బుల్లెట్ సైన్యానికి పనికిరాదని తేల్చారు. అలా వచ్చిందే జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన 1911 మోడల్ పిస్టల్. అమెరికా సైన్యం దాన్ని 1985 దాకా వాడింది.

ఇక్కడ అందరూ మర్చిపోయే ముక్క ఒకటుంది. కీలకమైన చోట తగలకపోతే ఏ పిస్టల్ బుల్లెట్టూ మనిషిని నమ్మకంగా ఆపలేదు, కాబట్టి సైనికులకి గురి నేర్పించాలి అని కూడా ఆ రిపోర్టులో ఉంది. జనానికి ".45" అన్న నెంబర్ ఒక్కటే గుర్తుండిపోయింది.

కలకత్తాలో పుట్టిన పేరు: డమ్ డమ్

ఇప్పుడు బుల్లెట్ ఆకారం దగ్గరికి వద్దాం. దీని కథ మన దేశంలోనే మొదలవుతుంది. కోల్‌కతా ఎయిర్‌పోర్ట్ ఉన్న ప్రాంతం పేరు డమ్ డమ్. బ్రిటిష్ వాళ్ల కాలంలో అక్కడ ఆయుధ కర్మాగారం ఉండేది.

మామూలు బుల్లెట్‌లో లోపల సీసం, పైన రాగి లాంటి గట్టి లోహపు తొడుగు ఉంటాయి. దీన్ని ఫుల్ మెటల్ జాకెట్ అంటారు. ముక్కు గుండ్రంగా, గట్టిగా ఉంటుంది కాబట్టి ఆకారం పెద్దగా మారకుండా సూటిగా దూసుకుపోతుంది. 1890లలో వాయవ్య సరిహద్దులో పోరాడుతున్న బ్రిటిష్ సైన్యం తమ కొత్త రైఫిల్ బుల్లెట్ ఇలాగే మనుషుల్లోంచి దూరిపోతోందే కానీ ఆపట్లేదని గోల పెట్టింది. డమ్ డమ్ కర్మాగారం అధికారి కెప్టెన్ బెర్టీ-క్లే ఆ తొడుగుని ముక్కు దగ్గర తీసేసి, మెత్తటి సీసం బయటికి కనపడేలా చేశాడు. అది తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుంటుంది.

గాయాలు ఎంత ఘోరంగా ఉండేవంటే, 1899లో హేగ్‌లో జరిగిన శాంతి సమావేశంలో శరీరంలో విచ్చుకునే బుల్లెట్లని యుద్ధంలో నిషేధిస్తూ ప్రకటన చేశారు. బ్రిటన్, అమెరికా అప్పుడు దాన్ని వ్యతిరేకించాయి. ఆ ప్రకటనలో ఒక మెలిక కూడా ఉంది. సంతకం పెట్టిన దేశాలు ఒకదానితో ఒకటి చేసే యుద్ధాలకే అది వర్తిస్తుంది. అంటే ఏ సరిహద్దు ప్రజల మీద ఆ బుల్లెట్ వాడారో వాళ్లకి ఆ కాగితం ఏ రక్షణా ఇవ్వలేదు.

మరి పోలీసులు ఎందుకు వాడతారు?

ఇది చాలామందికి వచ్చే డౌట్. యుద్ధంలో వద్దన్న బుల్లెట్‌ని చాలా దేశాల పోలీసులు వాడుతున్నారు. దాన్ని హాలో పాయింట్ అంటారు. ముక్కులో చిన్న గుంట ఉంటుంది. శరీరంలోకి వెళ్లగానే తడి కణజాలం ఆ గుంటలోకి ఒత్తుకుని, ఆ ఒత్తిడికి ముక్కు పూరేకుల్లా వెనక్కి విచ్చుకుంటుంది. 9 ఎంఎం ఉన్నది ఇంచుమించు ఒకటిన్నర రెట్లు అవుతుంది.

దీనివల్ల రెండు జరుగుతాయి. రంధ్రం కొంచెం వెడల్పు అవుతుంది. అంతకంటే ముఖ్యంగా, వెడల్పైన బుల్లెట్‌కి అడ్డు ఎక్కువ కాబట్టి త్వరగా ఆగుతుంది. గొడుగు మూసి పరిగెత్తడానికీ తెరిచి పరిగెత్తడానికీ ఉన్న తేడా అనుకోండి. గుండ్రటి ముక్కు బుల్లెట్ ఒక మనిషిని దాటి వెనకాల ఇంకొకరికి తగలొచ్చు. రద్దీ బజారులో ఆ "ఇంకొకరు" కూరగాయలు కొంటున్న అమ్మ కావచ్చు, బస్సు కోసం నిలబడ్డ స్టూడెంట్ కావచ్చు. 1998లో న్యూయార్క్ పోలీసులు హాలో పాయింట్‌కి మారడానికి చెప్పిన ముఖ్య కారణం ఇదే.

కానీ హాలో పాయింట్ కూడా మంత్రం కాదు. దళసరి బట్ట మధ్యలో వస్తే ఆ గుంట గుడ్డ పీలికలతో నిండిపోయి, బుల్లెట్ విచ్చుకోకుండా మామూలు దానిలాగే దూసుకుపోవచ్చు. కారు అద్దం తగిలితే ఆకారం చెడిపోవచ్చు. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది: మరీ తొందరగా విచ్చుకుంటే మరీ తొందరగా ఆగిపోతుంది. ఈ రెండో సమస్య ఎంత ఖరీదైనదో 1986లో తెలిసింది.

మయామీ: కొద్ది సెంటీమీటర్ల తేడా

1970లలో అమెరికాలో ఒక ప్రభుత్వ అధ్యయనం బుల్లెట్లకి ర్యాంకులు ఇచ్చింది. జెల్లీలో టెంపరరీ క్యావిటీ ఎంత పెద్దగా వస్తే అంత మంచి మార్కులు. అంటే పైకి కనపడే ఉబ్బుకి మార్కులు వేశారు. అలాంటి లెక్కల వల్ల తేలిగ్గా ఉండి, వేగంగా వెళ్లి, వెంటనే విచ్చుకునే బుల్లెట్లకి గిరాకీ పెరిగింది.

1986 ఏప్రిల్ 11న మయామీ దగ్గర ఎఫ్‌బీఐ ఏజెంట్లు బ్యాంకు దోపిడీ అనుమానితులిద్దరి కారుని ఆపారు. ఎనిమిది మంది ఏజెంట్లు, ఇద్దరు అనుమానితులు. కాల్పుల మొదట్లోనే మైకేల్ ప్లాట్ అనే అనుమానితుడికి ఒక 9 ఎంఎం హాలో పాయింట్ తగిలింది. అది కుడి చెయ్యి గుండా వెళ్లి, ఛాతీలోకి దూరి, ఊపిరితిత్తిని దెబ్బతీసి, గుండెకి సుమారు ఒక అంగుళం ముందు ఆగిపోయింది. తర్వాత డాక్టర్లు చూస్తే ఆ గాయం ఒక్కటే ప్రాణం తీయగలిగినది. కానీ అది తగిలాక కూడా అతను రైఫిల్‌తో కాలుస్తూనే ఉన్నాడు. కొన్ని నిమిషాల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. చివరికి అనుమానితులిద్దరూ చనిపోయారు.

ఆ బుల్లెట్ ఫెయిల్ కాలేదు. ఎలా డిజైన్ చేశారో అలాగే విచ్చుకుంది, అలాగే ఆగింది. డిజైన్ చేసినవాళ్లు మనిషి ఎదురుగా ఛాతీ చూపిస్తూ నిలబడతాడని ఊహించుకున్నారు. నిజంలో మనిషి పక్కకి తిరిగి ఉంటాడు, చెయ్యి అడ్డం వస్తుంది. ఓటమి నెపం అంతా ఒక్క బుల్లెట్ మీద వేయడం సరికాదని, ప్లానింగ్ లోపాలు, రైఫిల్ ముందు రివాల్వర్లు నిలవలేకపోవడం కూడా కారణమేనని అన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో నిజం ఉంది.

ఏదేమైనా ఎఫ్‌బీఐ డాక్టర్లనీ నిపుణులనీ కూర్చోబెట్టింది. వాళ్లలో ముఖ్యుడు మార్టిన్ ఫ్యాక్లర్, వియత్నాం యుద్ధంలో సైనికులకి ఆపరేషన్లు చేసిన సర్జన్. శాన్ ఫ్రాన్సిస్కోలోని సైనిక పరిశోధన సంస్థలో గాయాల మీద ల్యాబ్ నడిపాడు. పది శాతం జెలటిన్, మిగతాది నీళ్లు, నాలుగు డిగ్రీల చలిలో ఉంచిన దిమ్మ. అందులో బుల్లెట్ ఎంత లోతు వెళ్తుందో చూస్తే, నిజమైన కండలో లోతుకి దగ్గరగా ఉంటుందని చూపించాడు. ప్రతి దిమ్మనీ ముందు చిన్న స్టీలు గుండుతో కాల్చి, సరిగ్గా తయారైందో లేదో చెక్ చేసేవాళ్లు.

1989లో ఎఫ్‌బీఐ రిపోర్టు వచ్చింది. జెల్లీలో కనీసం 12 అంగుళాలు, ఎక్కువలో ఎక్కువ 18 అంగుళాలు వెళ్లాలని కొలత పెట్టారు. అంటే సుమారు 30 నుంచి 45 సెంటీమీటర్లు. మనిషి ఛాతీ మందం అంత ఉండదు కదా అంటారా? చెయ్యి అడ్డం వస్తే, మనిషి పక్కకి తిరిగి ఉంటే, లావుగా ఉంటే అంత కావాలి. తక్కువైతే మయామీ, ఎక్కువైతే వెనకున్న అమాయకుడు. డిజైన్ అంతా ఈ రెండింటి మధ్య సన్నటి దారిలో నడవడమే.

తిరిగి తిరిగి మళ్లీ 9 ఎంఎం దగ్గరికే

మయామీ తర్వాత 9 ఎంఎం చిన్నదైపోయిందని ఎఫ్‌బీఐ 10 ఎంఎం వైపు వెళ్లింది. దాని ఎదురుదెబ్బ చాలామంది చేతులకి మరీ ఎక్కువైంది. తర్వాత దాన్నే కాస్త తగ్గించి 1990లో .40 అనే రకం వచ్చింది. రెండు దశాబ్దాలు అమెరికా పోలీసుల్లో అదే రాజ్యం. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం మళ్లీ 9 ఎంఎం చాలని రాసింది. కారణం సింపుల్. బుల్లెట్ల తయారీ మెరుగయ్యాక ఆ మూడింటి గాయాల్లో పెద్ద తేడా కనపడట్లేదు. ఎదురుదెబ్బ తక్కువుంటే గురి బాగా కుదురుతుంది. అసలు కాల్పుల్లో పోలీసులు కాల్చే షాట్లలో ఎక్కువ భాగం గురి తప్పుతాయని అదే పత్రం ఒప్పుకుంది.

అంటే 1904 రిపోర్టులో జనం మర్చిపోయిన ముక్క దగ్గరికే నూటపదేళ్ల తర్వాత తిరిగొచ్చారు.

ఈ మధ్యలో ఇంకో తప్పు లెక్క కూడా నడిచింది. 1992లో ఇద్దరు రచయితలు నిజమైన కాల్పుల కేసులు పోగేసి, "ఒక్క షాట్‌తో ఎంత శాతం ఆగారు" అని బుల్లెట్లకి పర్సెంటేజీలు ఇచ్చారు. దాంట్లో మెలిక చూడండి. ఒకటి కంటే ఎక్కువ గుళ్లు తగిలిన కేసుల్ని లెక్కలోంచి తీసేశారు. కానీ మొదటి గుండుకి ఆగకపోతేనే కదా రెండోది కాల్చేది! ఫెయిలైనవాళ్లని హాల్ టికెట్ లిస్టులోంచి కొట్టేసి, మా కాలేజీలో 95 శాతం పాస్ అని బోర్డు పెట్టినట్టుంది. ఫ్యాక్లర్ ఆ లెక్కల్ని గట్టిగా విమర్శించాడు. అయినా ఆ పర్సెంటేజీలు చాలాకాలం తిరిగాయి.

మరి మనిషి ఎందుకు ఆగుతాడు?

మూడు దారులే ఉన్నాయి. ఒకటి, మెదడు లేదా వెన్నుపాము పైభాగం దెబ్బతినడం. వెంటనే కూలిపోయేది ఇక్కడే. రెండు, రక్తం పోయి బీపీ పడిపోవడం. దీనికి టైం పడుతుంది. గుండె పూర్తిగా ఆగిపోయినా, మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో మనిషి పది పదిహేను సెకన్లు కావాలనుకున్న పని చేయగలడని ఎఫ్‌బీఐ రిపోర్టు చెప్తుంది. మూడు, మనసు. తుపాకీ శబ్దం వినగానే, రక్తం చూడగానే కొందరు కూలబడిపోతారు. కోపంలో, మత్తులో ఉన్న ఇంకొకరికి తగిలిన సంగతి కూడా తెలియదు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్. 1981 మార్చి 30న ఆయన మీద .22 రివాల్వర్‌తో కాల్పులు జరిగాయి. పిస్టల్ బుల్లెట్లలో దాదాపు అన్నిటికంటే చిన్నది. ఒకటి కారుకి తగిలి, రేకులా చదునై, ఆయన ఎడమ చంక కింద దూరింది. ఊపిరితిత్తిలోకి వెళ్లి గుండెకి ఒక అంగుళం దూరంలో ఆగింది. ఆయనకి తగిలినట్టే తెలియదు. సెక్యూరిటీ అధికారి కారులోకి తోసినప్పుడు పక్కటెముక విరిగిందేమో అనుకున్నారు. నోట్లోంచి నురగ రక్తం రావడం చూసి ఆ అధికారి కారుని వైట్‌హౌస్‌కి కాకుండా ఆసుపత్రికి తిప్పించాడు. రీగన్ తన కాళ్ల మీద నడుచుకుంటూ లోపలికి వెళ్లి, అక్కడ కూలిపోయారు. శరీరంలో సగానికి పైగా రక్తం పోయింది. ఆ మలుపు తిప్పకపోయి ఉంటే కథ వేరేలా ఉండేది.

"స్టాపింగ్ పవర్" లెక్కలో ఆ బుల్లెట్‌కి సున్నా మార్కులు. మనిషిని ఆపలేదు, పడేయలేదు, నొప్పి కూడా సరిగ్గా తెలియనివ్వలేదు. కానీ దాదాపు చంపేసింది. ఆపడం వేరు, చంపడం వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడమే ఆ మాటలోని మోసం.

ఇదంతా మనకెందుకు?

మన దగ్గర తుపాకులు తక్కువ. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. ఈ 9 ఎంఎం అయితే మామూలు పౌరులకి లైసెన్సు మీద కూడా ఇవ్వని రకం. అయినా ఈ విషయం తెలియడం ఎందుకు అవసరమంటే, గాయాల గురించి మనకున్న నాలెడ్జ్ అంతా సినిమాల నుంచి వచ్చింది. అందులో మూడు నమ్మకాలు ప్రమాదకరం.

మొదటిది, "కాలికే కదా తగిలింది, భుజానికే కదా." తొడలో చాలా పెద్ద ధమని ఉంటుంది. అది తెగితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. భుజం లోపల చేతికి వెళ్లే పెద్ద రక్తనాళం, నరాల కట్ట ఉంటాయి. శరీరంలో "సేఫ్‌గా కాల్చే చోటు" అంటూ ఏదీ లేదు.

రెండోది, "ముందు బుల్లెట్ తీసెయ్యాలి." కత్తి కాల్చి, నోట్లో గుడ్డ కుక్కి, బుల్లెట్ తీసి పళ్లెంలో టంగ్‌మని వేస్తారు చూడండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని కాల్చినప్పుడు డాక్టర్లు చేతులు కడుక్కోకుండా వేళ్లతో గాయంలో బుల్లెట్ కోసం వెతికారు. బుల్లెట్ వెంటనే ప్రాణం తీసే చోట లేదు. ఇన్ఫెక్షన్ ముదిరి రెండున్నర నెలలకి చనిపోయాడు. ఇవాళ కూడా కీలులోనో, వెన్నెముకలోనో, రక్తనాళం దగ్గరో ఉంటే తప్ప చాలా బుల్లెట్లని డాక్టర్లు లోపలే వదిలేస్తారు. తీయాల్సింది బుల్లెట్‌ని కాదు, ఆపాల్సింది రక్తాన్ని.

మూడోది, "మాట్లాడుతున్నాడు, నడుస్తున్నాడు, ఏం కాలేదు." రీగన్ కథ ఇందుకే చెప్పాను. బయట చిన్న రంధ్రం, లోపల కడుపు నిండా రక్తం ఉండొచ్చు. ఇది బుల్లెట్‌కే కాదు, కత్తిపోటుకీ, బైక్ యాక్సిడెంట్‌లో హ్యాండిల్ కడుపులో గుచ్చుకున్నవాళ్లకీ వర్తిస్తుంది. మనలో ఎక్కువమంది చూసేది ఆ రెండోదే.

అందుకే ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ముందు మీకు ప్రమాదం లేదని చూసుకోండి. 108కి కాల్ చేయండి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నెంబరే ఇది. చేతికో కాలికో రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా, వదలకుండా నొక్కండి. మధ్యమధ్యలో ఎత్తి చూడొద్దు. అయినా ఆగకుండా ఉధృతంగా పోతుంటే, గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టి టైం రాసిపెట్టండి. ఛాతీకో కడుపుకో తగిలితే బయట నొక్కడం చాలదు, వేగంగా ఆసుపత్రికి చేర్చడమే వైద్యం. తాగడానికి ఏమీ ఇవ్వొద్దు. గాయంలో వేలు పెట్టొద్దు, గుచ్చుకున్నది లాగొద్దు.

ఆసుపత్రి వాళ్లు "పోలీస్ కేసు, ముందు కాగితాలు" అంటారని చాలామంది వెనకాడతారు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, చట్టపరమైన పనులు తర్వాత. పోలీసులకి సమాచారం ఇవ్వడం ఆసుపత్రి బాధ్యత, అది వైద్యంతో పాటు నడుస్తుంది, వైద్యానికి అడ్డం రాదు. అవసరమైతే ఈ కేసు పేరు చెప్పండి.

ఈసారి సినిమాలో ఎవరైనా ఒక్క షాట్‌కి పది అడుగులు ఎగిరితే నవ్వుకోండి, తప్పులేదు. హీరో భుజానికి కట్టు కట్టుకుని ఫైట్‌కి వెళ్తే మాత్రం పక్కన కూర్చున్న ఫ్రెండ్‌కి ఒక మాట చెప్పండి: నిజంగా అయితే ఇతన్ని ఇప్పుడు ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాలి అని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి.